ప్రిమవేరాలో ముగ్గురు గ్రేసులు: వలిపం సుద్ద పూసినట్టు తేలుతోంది, ప్రతీకల అర్థం కూడా కావాలి

వాల్తేరు_కుంచె

నమస్కారం అండీ. ఇటలీ చిత్రకారుడు బొత్తిచెల్లి ‘ప్రిమవేరా’ (వసంతం) చిత్రంలో ఎడమ వైపు చేతులు కలిపి ఆడుతున్న ముగ్గురు గ్రేసుల్ని (అందానికి, దయకు గుర్తైన దేవకన్యలు) మాత్రం తీసుకుని నకలు వేస్తున్నాను. బీఎఫ్ఏ చివరి ఏడాది పని, విశాఖలోనే. 12 మి.మీ. ప్లై, 60 × 90 సెం.మీ. మీద రెడీమేడ్ యాక్రిలిక్ జెస్సో (రంగు కింద వేసే తెల్లటి అడుగు పూత) మూడు కోట్లు వేశాను. రంగు గుడ్డుసొన టెంపెరా (రంగుపొడిని గుడ్డు పచ్చసొనతో కలిపి వేసే పద్ధతి). తెలుపు టైటానియం. ఒంటి రంగు ఓకర్, కాడ్మియం ఎరుపు, తెలుపు కలిపి నేరుగా పూశాను.

ఇబ్బందులు ఇవీ. ఒంటి మీది పల్చటి బట్ట సుద్ద రాసినట్టు కనిపిస్తోంది, లోపలి శరీరం కనపడటం లేదు. పల్చన చేస్తే అసలు బట్టే లేనట్టు ఉంది. రెండు చోట్ల రంగు గోటితో గీస్తే పొట్టులా లేస్తోంది. ముగ్గురూ ఒకే మనిషిని మూడుసార్లు వేసినట్టున్నారు. మూలచిత్రంలో అలా అనిపించదు, ఎందుకో పట్టుకోలేకపోతున్నాను.

వైవాలో ప్రతీకల గురించి తప్పక అడుగుతారు. ఈ బట్ట అంత పారదర్శకంగా ఎందుకు? పొట్టలు ముందుకు ఉన్నాయి కదా, గర్భిణులా? ఒకచోట వీళ్ళను పాతివ్రత్యం, అందం, భోగం అన్నారు. ఇంకోచోట ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అన్నారు. ఏది నమ్మాలి?

సొన_సుద్ద

ముందు పలక సంగతి, ఎందుకంటే మీ రంగు లేవడానికి కారణం అక్కడే ఉంది. గుడ్డుసొన పట్టుకోవాలంటే అడుగు పొర నీటిని పీల్చాలి. యాక్రిలిక్ జెస్సోలో ప్లాస్టిక్ బైండరు ఉంటుంది, కావలసినంత పీల్చదు. రంగు పైన పొరలా కూర్చుంటుంది, ఆరాక గోటికి లేస్తుంది. దాని మీద ఎన్ని పొరలు వేసినా లాభం లేదు. ఈ పలకను పక్కన పెట్టండి.

సుద్ద జెస్సో ఇలా చేయండి. వడ్రంగులు వాడే సరేసు జిగురు 70 గ్రాములు లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున వేడినీళ్ళ గిన్నెలో ఆ గిన్నె పెట్టి కరిగించండి. 60 డిగ్రీలు దాటనివ్వకండి, మరిగితే జిగురు పట్టు పోతుంది. అందులో సగం తీసి అంతే నీళ్ళు కలిపి పలకకు ముందూ వెనకా ఒక కోటు రాయండి, ఆరనివ్వండి. ముందు వైపు అదే జిగురుతో పల్చటి నూలు గుడ్డ అంటించండి. మిగిలిన జిగురుకు జల్లెడ పట్టిన సుద్దపొడి, జిగురు ఒక గ్లాసు అయితే సుద్ద గ్లాసున్నర చొప్పున, నెమ్మదిగా చల్లుతూ కలపకుండా నాననిచ్చి తర్వాత కలపండి. గిలక్కొడితే గాలి బుడగలు చేరి, ఆరాక సూది మొనంత గుంటలు పడతాయి. మొదటి కోటు వేలితో రుద్దితే ఆ గుంటలు చాలావరకు మూసుకుపోతాయి. మొత్తం ఎనిమిది కోట్లు, ఒకటి అడ్డం ఒకటి నిలువు. పైకోట్లలో జిగురు ఎక్కువైతే పగుళ్ళు వస్తాయి, అందుకని ఒకే గిన్నె జిగురు చివరిదాకా వాడండి. వెనక వైపు కూడా రెండు మూడు కోట్లు వేయకపోతే పలక వంగుతుంది. చివర 320, తర్వాత 400 నంబరు ఎమెరీతో రుద్దితే ఏనుగుదంతంలా నునుపు వస్తుంది.

ఇక తెలుపు. టైటానియం తెలుపు వక్రీభవన గుణకం (వెలుగును ఎంత వంచుతుందన్న కొలత) 2.7 దాకా ఉంటుంది. జింకుది సుమారు 2.0. బొత్తిచెల్లి కాలంలో వాడిన సీసపు తెలుపుదీ సుమారు 2.0. గుడ్డుసొన ఆరాక 1.5 దగ్గర. రంగుకూ సొనకూ మధ్య తేడా పెరిగే కొద్దీ వెలుగు ఎక్కువగా చెదిరి పొర మూసుకుపోతుంది. అందుకే టైటానియం పల్చగా వేసినా కింద ఉన్నది మూసేస్తుంది, మరీ పల్చన చేస్తే మచ్చలు పడుతుంది. బట్టకు జింకు వాడండి. సీసపు తెలుపు విషం, పొడి రూపంలో దాని జోలికి పోవద్దు. టైటానియాన్ని ముత్యాల మెరుపుకీ, ఒంటి మీద గట్టి వెలుగుకీ దాచుకోండి.

సుద్దలా తేలడానికి రెండో కారణం సొన తక్కువ కావడం. పొడిని నీళ్ళతో నూరి ముద్ద చేసుకోండి. ముద్ద ఎంతో సొన అంత, తర్వాత పల్చనకు నీళ్ళు. గాజు పలక మీద ఒక గీత పూసి, ఆరాక బ్లేడుతో గీకండి. చుట్టలా సాగుతూ లేస్తే సరిపోయింది. పొడిగా రాలితే సొన తక్కువ. జిగటగా ఉండి గంటయినా వేలికి అంటుకుంటుంటే ఎక్కువ. సొనను తెల్లసొన నుంచి విడదీసి, కాగితం తువాలు మీద దొర్లించి, పొరను పిన్నుతో గుచ్చి లోపలిది మాత్రమే గిన్నెలోకి వదలాలి. పొర ముక్క పడితే కుంచెలో ఉండలు కడుతుంది.

ఒంటి రంగు నేరుగా పూయడం కూడా ఒక పొరపాటే. ఆకుపచ్చ మట్టి రంగుతో మొదట శరీరం మొత్తం పల్చగా వేయండి, నీడలు అక్కడే తేల్చండి. దాని మీద ఎరుపు, ఓకర్, తెలుపు సన్నగీతలతో అల్లండి, నీడకూ వెలుగుకూ మధ్యన ఆకుపచ్చను కాస్త వదిలేయండి. ఆ వదిలేసిన చోటే చర్మం చల్లగా, మెత్తగా కనిపిస్తుంది. గులాబీ ఒక్కటే పూస్తే బొమ్మ మైనంలా ఉంటుంది.

శరీరం పూర్తిగా, బట్ట లేనట్టే, నాభి నీడ దాకా ముగించండి. మూడు నాలుగు రోజులు ఆగండి. తర్వాతే వలిపం. జింకు తెలుపు ముద్దకు అంతే సొన, ఆపైన నాలుగింతలు నీళ్ళు. రెండో నంబరు సేబుల్ కుంచె ముంచి, గుడ్డకు దాదాపు పూర్తిగా పిండి, మడత నడిచే దారిలోనే గీయండి. గీసిన చోటకి తడి కుంచెతో వెంటనే తిరిగి వెళ్తే కింది రంగు లేచి బురద అవుతుంది.

లెక్క ఇది: బట్ట ఒంటిపొరగా శరీరానికి అంటిన చోట, తొడ మీద, పొట్ట మీద, ఒక్క వరస గీతలు. మడిచి రెండు పొరలైన చోట రెండు వరసలు. నడుము దగ్గర కుచ్చులు పడిన చోట, అంచు దగ్గర మూడు నాలుగు. మడత శిఖరం మీద మాత్రం దాదాపు ముద్దగా ఉన్న తెలుపుతో వెంట్రుకంత గీత. పొందూరు ఖద్దరు ముక్క సన్నటిది తీసుకుని ముంజేతి మీద ఒక పొర, రెండు పొరలు, నాలుగు పొరలు వేసి పక్కపక్కన పెన్సిలుతో వేసి చూడండి. మీ కన్ను ఆ లెక్కను ఒకసారి పట్టుకుంటే బట్ట తనంతట తానే కుదురుతుంది. మీరు మొత్తం బట్టకు ఒకే మందం ఇచ్చారని మీ వర్ణన చూస్తేనే తెలుస్తోంది.

ఇంకో మాట. పల్చటి తెలుపు ముదురు రంగు మీద పడితే చల్లగా, నీలి ఛాయలో కనిపిస్తుంది. లేత ఒంటి రంగు మీద పడితే వెచ్చగా కరిగిపోతుంది. అందుకే శరీరం దాటి బయటకు ఎగిరే చెంగు కనపడాలంటే వెనక తోట చాలా ముదురుగా ఉండాలి. మీ తోట లేతగా ఉంటే చెంగు మాయమై, బట్ట ఒంటి దగ్గరే ఆగిపోయినట్టు అవుతుంది. ‘బట్టే లేనట్టు ఉంది’ అన్నారే, అది ఇదే.

భీమిలి_రసికుడు

పైన సొన_సుద్ద గారు చెప్పిన పొరల లెక్కలోనే మీ రెండో ప్రశ్నకు జవాబు సగం ఉంది. ముగ్గురికీ బట్ట ఒక్కటే కాదు, నగ ఒక్కటే కాదు, జుట్టు ఒక్కటే కాదు. అవి సమానం చేశారు కాబట్టే మీకు ఒకే మనిషి మూడుసార్లు కనిపిస్తోంది.

ఎడమ ఆమె జుట్టు చూడండి, పాయలు పాములా వదులుగా సాగి భుజాల మీద పడతాయి, ఎద దగ్గర బ్రోచ్ ఉంది, బట్ట కదలిక ఎక్కువ. కుడి ఆమె జుట్టు ముత్యాలతో దిద్ది ఉంటుంది, మెడలో పతకం వేలాడుతుంది, నిలకడ ఎక్కువ. నడిమి ఆమె మనకు వీపు చూపిస్తుంది, నగ లేదు, భుజం మీది నుంచి బట్ట జారుతోంది, ముఖం పక్కగా ఎడమకు తిప్పి ఉంది. ఎగిరే మన్మథుడు, అంటే క్యూపిడ్, కళ్ళకు గంత కట్టుకుని నిప్పు ముల్లు బాణం గురిపెట్టింది ఈ నడిమి ఆమె వైపే. ఆమె చూపు పోయేది ఎడమ అంచున నిలబడి కర్రతో మబ్బుల్ని తోస్తున్న దేవతల దూత మెర్క్యురీ వైపు. కళాచరిత్రకారుడు ఎడ్గార్ విండ్ దీన్ని ఇలా చదివాడు: ఎడమ భోగం, నడుమ కన్యాశీలం, కుడి సౌందర్యం. శీలం ఇప్పుడే ప్రేమలోకి అడుగు పెడుతోంది. జారే బట్ట ఆ క్షణానికి గుర్తు. నగలు లేకపోవడం శీలం, బట్ట జారడం మొదలవడం కోరిక. ఒకే ఒంటి మీద రెండూ ఉండటమే ఆ బొమ్మలో గొప్ప. మీ నకలులో ఆ జారుడు అంగుళం పైకి పోయినా, ఎక్కువ కిందికి దిగినా అర్థం మారిపోతుంది, చాలా జాగ్రత్తగా వేయండి.

రెండో అర్థం ప్రాచీన రోము తత్వవేత్త సెనెకాది, దాన్నే 1435లో చిత్రకళ మీద పుస్తకం రాసిన అల్బెర్తి చిత్రకారులకు సిఫారసు చేశాడు. ముగ్గురు అక్కచెల్లెళ్ళలో ఒకరు మేలు చేస్తారు, ఒకరు అందుకుంటారు, ఒకరు తిరిగి ఇస్తారు. చేతులు కలిపి ఉంటారు, నవ్వుతూ ఉంటారు, నడుముకు బిగించని పల్చటి బట్ట కట్టుకుంటారు. మీ ‘ఎందుకంత పారదర్శకం’ ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. మేలులో దాచుకోవడం, బిగించడం ఉండకూడదని, కాబట్టి బట్టలో దాపరికం ఉండదు. శరీరం కనపడటం ముందే ఒక నీతిగా చెప్పిన మాట, బొత్తిచెల్లి దానికి వెచ్చని చర్మం ఇచ్చాడు. చేతులు మూడు ఎత్తుల్లో కలుస్తాయి, ఒక జత తలల పైన, ఒకటి భుజం దగ్గర, ఒకటి కింద. ఇచ్చినది చుట్టూ తిరిగి వస్తుందన్నది ఆ వలయమే. వేళ్ళు కలిసే చోటును ముద్ద చేసి కప్పకండి. వేలు వేలుగా గీయండి.

పొట్టల విషయం: గర్భిణులని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. నడుము పైకి కట్టి పొట్ట గుండ్రంగా చూపడం ఆ నాటి ఫ్లోరెన్సు స్త్రీ సౌందర్యపు పద్ధతి. బరువు ఒక కాలి మీద వేసి తుంటి పక్కకు తీసుకుని నిలబడటం కూడా తోడవుతుంది. మన త్రిభంగం తెలిసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది, కాకపోతే మన శిల్పి తుంటిని బరువుగా నేల మీద నిలుపుతాడు, ఇతను పాదాన్ని గడ్డి మీద ఆనీ ఆననట్టు ఉంచుతాడు. పాదం కింద ముదురు నీడ వేస్తే వాళ్ళు నేలకు అతుక్కుపోతారు, ఆట ఆగిపోతుంది.

ఒంటి కళ నీడల్లో లేదు, గీతలో ఉంది. బొత్తిచెల్లి తుంటి నుంచి మోకాలి దాకా ఒక్క గీతలో దిగుతాడు, దాన్ని మధ్యలో తెంపడు. మీరు గీత బదులు రంగుతో గుండ్రం చేయబోతే అది ఇంకొక చిత్రకారుడి బొమ్మ అవుతుంది.

మధురవాడ_గ్రంథం

భీమిలి_రసికుడు గారూ, విండ్ చదివింది చాలా అందంగానే ఉంది కానీ వైవాలో దాన్నే తీర్పుగా చెప్పొద్దని ఈ అబ్బాయికో అమ్మాయికో చెప్పాలి. భోగం, శీలం, సౌందర్యం అన్న మాటలు చిత్రంలో ఎక్కడా రాసి లేవు. మూడు గుర్తులు (జుట్టు, నగ, భుజం) చూపించి ఆ తర్వాత ‘ఇలా చదివారు’ అనండి. బొమ్మలో కనిపించేది ముందు, అర్థం వెనక.

వాస్తవాలు గట్టిగా తెలిసినవి కొన్ని ఉన్నాయి, వాటినే ముందు పెట్టండి. చిత్రం 203 × 314 సెం.మీ., చెక్క మీద టెంపెరా, సుమారు 1480 నాటిది, ఫ్లోరెన్సులో ఉఫిజి మ్యూజియంలో ఉంది. 1499 నాటి ఆస్తుల చిట్టాలో ఫ్లోరెన్సు ధనికుడు లొరెంజో ది పియర్‌ఫ్రాంచెస్కో మెడిచి ఇంట్లో ఒక వాలుపడక పైన వేలాడుతున్నట్టు రాసి ఉంది. ఆ చిట్టా 1975లో ప్రచురితమైంది. అంతకు ముందు చాలామంది చిత్రం మొదటి నుంచీ ఊరి బయటి విల్లాలోనే ఉండేదనుకున్నారు, ఎందుకంటే 1550లో చిత్రకారుల జీవితాలు రాసిన వసారి దాన్ని కాస్తెల్లోలోని విల్లాలో ఉన్నట్టు రాశాడు. ఆ లొరెంజోకు 1482లో పెళ్ళయింది కాబట్టి పెళ్ళి చిత్రమని చాలామంది అంటారు. నడుమ నిలబడ్డ ప్రేమదేవత వీనస్ వెనక ఉన్న మిర్టిల్ పొద, ఆమె చెట్టు, పెళ్ళికి గుర్తు. పైన నారింజలు మెడిచి కుటుంబానికి గుర్తు. కుడి చివరన లారెల్ చెట్టు లొరెంజో పేరుకు ధ్వని, లాటిన్‌లో ఆ పేరు లారెన్షియస్. ఉఫిజి లెక్క ప్రకారం చిత్రంలో 138 రకాల మొక్కలు ఉన్నాయి, 1982లో శుభ్రం చేశాకే వాటిలో చాలా బాగా కనపడ్డాయి. మీరు గ్రేసుల వెనక వేసే ఆకులూ పూలూ అడ్డదిడ్డంగా వేయకూడదనడానికి అదే కారణం.

ఇక ఒక విషయం మీరు వేస్తున్న ముక్కలో లేకపోయినా తెలుసుకోవాలి. చిత్రం కుడి నుంచి ఎడమకు చదవాలి. కుడి చివర జెఫైరస్, నీలి పచ్చటి ఒంటి గాలి దేవుడు, వనకన్య క్లోరిస్‌ను పట్టుకుంటున్నాడు, ఆమె నోటి నుంచి పూలు రాలుతున్నాయి, పక్కనే ఆమే పూలదేవత ఫ్లోరాగా మారి పూలచీరలో నడుస్తోంది. రోము కవి ఓవిడ్ చెప్పిన కథ ఇది: బలవంతంగా ఎత్తుకుపోవడం, తర్వాత పెళ్ళి. మన దగ్గర దోహదం అనే కవిసమయం ఉంది, స్త్రీ పాదం తగిలితే అశోకం, ఆమె కౌగిలిస్తే గోరింట పూస్తాయని. రెంటినీ ఒకటి చేసి ‘మనకూ ఇదే ఉంది’ అనకండి. దోహదంలో స్త్రీ కోరికే చెట్టును పూయిస్తుంది, పూసేది చెట్టు. ఇక్కడ పూసేది ఆమె దేహం, పూయించేది ఆమె ఒప్పుకోని చెయ్యి. ఎడమన ఉన్న గ్రేసుల్లో ఆ భయం లేదు, వాళ్ళను ఎవరూ పట్టుకోలేదు, ఒకరినొకరు పట్టుకున్నారు. నాకైతే చిత్రంలో శృంగారం బరువంతా ఈ రెండు పట్టుల తేడా మీదే నిలబడిందనిపిస్తుంది. మన శాస్త్రంలో శృంగారానికి శ్యామవర్ణం చెప్పారు, చిత్రంలో శ్యామవర్ణుడు ఆ పట్టుకునే గాలి. అది యాదృచ్ఛికం, ప్రతీక అనకండి.

వైవాలో ఎవరైనా మన మన్మథుడితో పోల్చమంటే మాత్రం తేడా సూటిగా చెప్పండి. మనవాడివి పూల బాణాలు, దేహం లేనివాడు, అనంగుడు. ఇతనికి దేహం ఉంది, చూపు లేదు.

బట్ట కదలికకు ఇంకో సూత్రం అల్బెర్తి చెప్పాడు. గాలి తగిలే వైపు బట్ట శరీరానికి అంటి ఒళ్ళు కనిపిస్తుంది, అటు పక్క చెంగు ఎగురుతుంది, కాబట్టి చిత్రంలో ఒక మూల గాలి ముఖం పెట్టండన్నాడు. బొత్తిచెల్లి పెట్టిన గాలి కుడి మూలన ఉంది. క్లోరిస్ బట్ట ఆ గాలికే కదులుతుంది. గ్రేసుల బట్ట మాత్రం ఆట వల్ల కదులుతుంది, ఒంటి చుట్టూ తిరుగుతుంది. బీచ్ రోడ్డు మీద సముద్రపు గాలికి ఎగిరే చీరను చూసి గ్రేసుల మడతలు వేస్తే తప్పు వస్తుంది. తిరుగుతున్న తుంటి దగ్గర మొదలై పక్కకు మెలిక పడేలా మడతలు వేయండి.

వాల్తేరు_కుంచె

చాలా థాంక్స్ అండీ. జింకు తెలుపు, సరేసు తెచ్చుకున్నాను. రెండు సందేహాలు. విశాఖలో ఈ చెమ్మకి సుద్ద జెస్సో బూజు పట్టదా? ఆకాశపు ముక్కలకు అల్ట్రామెరైన్ వాడుతూ సొన పాడవకుండా వెనిగర్ చుక్క వేశాను, పర్వాలేదా?

సొన_సుద్ద

వెనిగర్ వద్దు. అల్ట్రామెరైన్‌కు ఆమ్లం పడదు, రంగు వెలిసి బూడిద తేలుతుంది. ఒక సొన ఒక రోజు పనికి సరిపోతుంది, మిగిలితే పారేయండి. నిలవ ఉంచే పని పెట్టుకోకండి.

బూజు నిజమైన బెడదే. సరేసు జిగురు ఈ తేమలో రెండు రోజుల్లో వాసన వస్తుంది, ఆ రోజుకు కావలసినంతే కరిగించండి, మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి. జెస్సో కోట్ల మధ్య ఫ్యాను వేసి ఆరబెట్టండి. ఎండలో నిలబెడితే పైపొర ముందు బిగుసుకుని పగులుతుంది. వానాకాలంలో మొదలుపెట్టాల్సి వస్తే కోటు కోటుకు రెట్టింపు సమయం ఇవ్వండి.

బొమ్మ పూర్తయ్యాక గోడకు ఆనించి పెట్టకండి, ముఖ్యంగా సముద్రం వైపు గోడకు. వెనక రెండు వేళ్ళ సందు ఉండేలా నిలబెట్టండి. గుడ్డుసొన పైకి నిమిషాల్లో ఆరినా లోపల గట్టిపడటానికి నెలలు పడుతుంది, ఆరు నెలల దాకా వార్నిష్ వద్దు, పాలిథిన్ చుట్టొద్దు. ఊపిరాడకపోతే తెల్లటి పొగమంచులాంటి పొర పైకి వస్తుంది, అది చూసి బట్ట మళ్ళీ సుద్ద అయిందనుకుంటారు. అది వచ్చినా పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది, రంగు వేయకండి.

భీమిలి_రసికుడు

మధురవాడ_గ్రంథం గారు చెప్పింది నిజమే, నేను విండ్‌ను కొంచెం ఎక్కువ ధీమాగా చెప్పాను. ఒక్కటి మాత్రం పట్టుబడతాను: బట్ట వేసే ముందే నడిమి ఆమె మెడ, భుజం, వీపు గీత పూర్తి చేసుకోండి. బట్టను భుజం మీద ఒంటిపొరగా మొదలుపెట్టి, జారి మడత పడిన చోట మూడు పొరలకు తీసుకెళ్ళండి. జారుతోందన్నది చూసేవాళ్ళకు తెలిసేది ఆ మందం మార్పు వల్లే. మొదట వేసేది ఆ భుజమే అయితే మిగతా ఇద్దరి బట్టకూ అది కొలతగా ఉంటుంది.

వాల్తేరు_కుంచె

అలాగేనండి. కొత్త పలకకు ఈ రోజు రెండో కోటు వేశాను. వేలితో రుద్దాక గుంటలు పోయాయి.